దివాను పుట్టిన మంగళవారం

మా మేనత్త పోయిన సంగతి మావయ్య ఫోన్ చేసి చెప్పాడు. "మీ అత్త ఎలిపోనాదమ్మా. పొద్దున్న ఆరూ నలబై రెండుకి. గోడ గడియారం రెండు నిమిసాలు ముందుంటాది కదా, అది తీసేసే సెప్తన్నాను" అన్నాడు. ఏడుపు ఆ మాట పూర్తయ్యాక వచ్చింది. ముందు టైము, తర్వాత ఏడుపు. తెలియనివాళ్ళకి ఇది వింతగా ఉండొచ్చు గానీ, ఆవిడతో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి వేరే వరస తెలియదు. టైము చూడకుండా ఎవరు ఏ కబురు తెచ్చినా అత్త వాళ్ళని మళ్ళీ వెనక్కి పంపేది.

నేను రాజాం నుంచి పాతపట్నం చేరేసరికి వాకిలి నిండా జనం. సగానికి పైగా ఆడవాళ్ళే. వాళ్ళలో ఒక్కరు కూడా పెద్ద జ్యోతిష్కురాలు పోయిందని అనలేదు. మా పెద్దోడు పుట్టిన వేళ ఈయమ్మే తేల్చింది, మా కోడలి నక్షత్రం ఈయమ్మే సరిచేసింది, అని ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్నారు. నాకు అదే సరైన మాట అనిపించింది. మా అత్త జాతకాలు చెప్పిన మనిషి కాదు, పుట్టిన వేళలు తేల్చిన మనిషి. ఆ తేడా తెలియనివాళ్ళు ఆవిడ గురించి ఏం రాసినా తప్పే అవుతుంది. నాకు తెలుసు కాబట్టి నేనే రాస్తున్నాను.

అత్త మా నాన్నకి చెల్లెలు. రాజాం దగ్గర మా ఊళ్ళో పదో తరగతి వరకు చదివింది. లెక్కల్లో తనకంటే చెల్లెలే గట్టిదని నాన్న ఒప్పుకునేవాడు, అదీ ఆవిడ ఎదురుగా లేనప్పుడు. పెళ్ళై పాతపట్నం వెళ్ళింది. వాళ్ళది వరి పండించే ఇల్లే గానీ, ఆవిడ మావగారికి చిన్నతనంలోనే ఒరిస్సా వైపు ఒక గురువు దగ్గర పంచాంగ గణితం పట్టుబడింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఆయన్ని సిద్ధాంతిగారు అనేవి. అత్త కాపురానికి వెళ్ళేనాటికి ఆయన కళ్ళకి శుక్లాలు ముదిరాయి, అంకెలు కనపడడం మానేశాయి. కొడుక్కి, అంటే మా మావయ్యకి, ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పడం వచ్చు. కాగితం మీద అంకె కనపడితే మాత్రం ఆవులింత వస్తుంది. గతిలేక ఆ పెద్దాయన కొత్తకోడలి చేతికి పలక ఇచ్చాడు. నాలుగు నెలల్లో ఆ ఇంటి లెక్కలన్నీ ఆవిడవే అయిపోయాయి.

బయటివాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఎవరైనా వస్తే సిద్ధాంతిగారు అరుగు మీద కూర్చుని వివరాలు గట్టిగా అడిగేవారు. తలుపు వెనక అత్త పలక మీద రాసుకునేది. లెక్క తేలే టైముకి ఆయన "కోడలా, మంచినీళ్ళు" అని కేకేసేవారు. అత్త గ్లాసు తెచ్చి ఇచ్చేది, గ్లాసు అడుగున పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఉండేది. ఆయన నీళ్ళు తాగి, చీటీ కళ్ళకి ఆనించుకుని, కాసేపు గంభీరంగా ఊరుకుని, ఫలానా లగ్నం అని చెప్పేవారు. పాపం ఆ పెద్దాయనకి లెక్కల వల్ల కాదు, నీళ్ళ వల్లే పొట్ట ఉబ్బేదని అత్త తర్వాత రోజుల్లో నవ్వేది. ఆయన పోయాక కూడా జనం రావడం మానలేదు. పెద్దాయన కోడలికి కూడా కొంచెం తెలుసంట, అని పెరటి దారిన వచ్చేవారు. ఆ కొంచెం అన్న మాటని అత్త ఎన్నడూ సరిదిద్దలేదు.

ఆవిడ దగ్గరికి వచ్చినవాళ్ళకి పోలీసు స్టేషన్‌కి వచ్చినట్టే ఉండేది. పిల్లాడు ఆరింటికి పుట్టాడంటే చాలదు. ఆరు అన్నది ఎవరి గడియారంలో? పురుడు పోసినావిడ చెప్పిందా, వీధిలో కూర్చున్న మొగుడు చెప్పాడా? పిల్లాడు బయటపడినప్పుడా, బొడ్డు కోసినప్పుడా, కబురు బయటికి వచ్చినప్పుడా? రైలు కూత అయిందా లేదా? గేదె పాలు తీశారా లేదా? ఒకసారి ఒక ముసలమ్మ మనవరాలి జాతకం కోసం వచ్చి, పిల్ల శనివారం పుట్టిందని గట్టిగా చెప్పింది. అత్త అటు తిప్పీ ఇటు తిప్పీ, ఆరోజు ఇంట్లో ఏం కూర అని అడిగింది. కోడికూర అంది ముసలమ్మ, పురిటికి వచ్చిన వియ్యపురాలి కోసం కోశామంది. మీది శనివారం నీసు ముట్టని ఇల్లు కదా, మరి కోడి ఎలా ఉడికింది, అంది అత్త. ముసలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, ఆదివారమేనని ఒప్పుకుంది. కోడికూర సాక్ష్యంతో ఆ పిల్ల నక్షత్రం మారిపోయింది.

అత్త వాళ్ళ వీధిలోనే మిషను ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సు ఒకావిడ ఉండేది. అందరూ సిస్టరమ్మ అనేవారు. ప్రతి కాన్పూ తన సొంత నోటుపుస్తకంలో నిమిషంతో సహా రాసిపెట్టుకునే అలవాటు ఆవిడకి. అత్త ఆ పుస్తకాన్ని పంచాంగం కంటే ఎక్కువగా చూసేది. జాతకాలంటే పెదవి విరిచే క్రైస్తవురాలి పుస్తకం మీద నీకంత గురేమిటని నేనొకసారి ఎత్తిపొడిస్తే, "ఆయమ్మకి జాతకాల మీద నమ్మకం నేదు. అందుకే ఆయమ్మ రాసిన టైము నమ్ముతాను. మంచి లగ్నం కోసమని నిమిసం అటూ ఇటూ జరపాల్సిన అవసరం ఆయమ్మకి నేదు కదే" అంది. చరిత్రలో ఏ సాక్షిని నమ్మాలి అని నేను కాలేజీలో గంటసేపు చెప్పే పాఠం ఆ మాటలో మొత్తం ఉంది. ఇప్పటికీ ఆ పాఠం చెప్పేటప్పుడు సిస్టరమ్మ నోటుపుస్తకంతోనే మొదలుపెడతాను.

చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడల్లా నేను పెద్దయ్యాక ఏమవుతానో చెప్పమని ఆవిడ ప్రాణం తీసేదాన్ని. ఏమవుతావో నాకు తెలియదు గానీ ఎప్పుడు పుట్టావో తెలుసు, అదే చాలామందికి తెలియదు, అని తేల్చేసేది. ఎవరికీ భవిష్యత్తు చెప్పడానికి ఇష్టపడేది కాదు. జాతక చక్రం గీసి ఇచ్చి, దీన్ని పట్టుకుని ఎవరి దగ్గరికైనా వెళ్ళండి, వాళ్ళు చెప్పేది తప్పినా నా గీత తప్పదు, అనేది. ఫోన్లో జాతకాలు వచ్చాక కూడా ఆవిడేమీ బెంబేలెత్తలేదు. తను కూడా నా ఫోను తీసుకుని సరిచూసుకునేది. ఫోను లెక్కలో దిట్టే గానీ ఎదురు ప్రశ్న అడగదని, ఏం కూర వండారో దానికి అక్కర్లేదని ఆవిడ ఫిర్యాదు.

ఇక దివాను సంగతి. మా సరిహద్దు పల్లెల్లో గాదెల దివాను పేరు తెలియని ఇల్లు లేదు. బయటివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. పూర్వం ఒక చిన్న జమీందారీలో దివానుగా చేసినాయన. కరువు వస్తే, జమీందారు వద్దన్నా వినకుండా ధాన్యం గాదెలు తెరిపించి ఊళ్ళకి పంచేశాడు. ఉద్యోగం పోయింది, జైలు పాలయ్యాడు, అక్కడే పోయాడు. ఇప్పటికీ ఆ పల్లెల్లో కొత్త ధాన్యం ఇంటికి తెచ్చిన రోజు మొదటి గంప ఆయన పేరు చెప్పి దించుతారు. ఆయన వంశం వాళ్ళింట్లో ఒక తాటాకు ఉంది. ఒరియా లిపిలో ఆయన పుట్టిన వివరాలు దాని మీద గీసి ఉన్నాయి. అత్త కాపురానికి వెళ్ళిన ఏడే ఉత్సవ సంఘం పెద్దలు ఆ తాటాకు తెచ్చి, దివాను పుట్టినరోజు తేల్చి జాతకం వెయ్యమని సిద్ధాంతిగారిని అడిగారు. సిద్ధాంతిగారి పేరుతో వెలువడిన ఆ జాతకాన్ని బట్టే అప్పట్నుంచి ఏటా జయంతి జరుగుతోంది.

రెండేళ్ళ కిందట సంఘం వాళ్ళు దివాను ఊళ్ళో విగ్రహం పెట్టాలని, దాని కింద పుట్టిన తిథి, జాతక చక్రం రాతి మీద చెక్కించాలని నిర్ణయించారు. సంఘానికి అధ్యక్షుడు రాజాంలో రైసుమిల్లు ఆసామి. ఆయన మా కాలేజీకి వచ్చి, చరిత్ర చెప్తారు కదా, పరిచయ వ్యాసం మీరే రాయాలని నాకు అప్పజెప్పాడు. జాతకం గురించి నాలుగు వాక్యాలు కావాలి కదా అని ఆ పాత కాగితం పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళాను.

మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. కాగితం చూసి అత్త కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉంది: తాళపత్రమున మంగళవారమని యున్నది, గణితముచే గురువారమగుచున్నది, లేఖక దోషము. అంటే తాటాకు రాసినవాడు వారం తప్పు రాశాడని. ఆ కాగితాన్ని నేను అప్పటికి పదేళ్ళుగా ఎరుగుదును. చరిత్ర పాఠాలు చెప్పి జీతం తీసుకునే మనిషిని, ఆ గమనిక మీద నా కన్ను ఒక్కసారి కూడా ఆగలేదు. 

"ఇది రాతి మీద సెక్కుతారేటి?" అంది అత్త.

అవునన్నాను.

"కాయితమైతే సిరిగిపోతాదని ఊరుకున్నాను. రాయి సిరగదు కదే" అని, లేచి చేయి కడుక్కుని వచ్చి, ఆవిడ చెప్పిన కథ ఇది.

తాటాకు వచ్చిన రోజుల్లో సిద్ధాంతిగారికి జ్వరం. అయినా కష్టమైన పని ఆయనే చేశారు. తాటాకులో సంవత్సరం ఒరియా రాజుల పాలన లెక్కలో ఉంది. ఆ లెక్కలో ఆరు, పదహారు లాంటి అంకెలు మంచివి కావని దాటేసేవారు, కాబట్టి రాసిన అంకె వేరు, గడిచిన ఏళ్ళు వేరు. ఆ చిక్కుముడిని ఆయన మంచం మీద పడుకునే విప్పారు. మిగిలింది నెల, తిథి, వారం. వైశాఖ మాసం, చీకటి పక్షం, ఫలానా తిథి, మంగళవారం, అని వంశం వాళ్ళు చదివి వినిపించింది కోడలికి చెప్పి, తిథి లెక్క కట్టమన్నారు.

అక్కడే అయింది పొరపాటు. అత్త రాజాం వైపు పిల్ల. మనకి నెల అమావాస్యతో అయిపోతుంది. ముందు వెన్నెల పక్షం, తర్వాత చీకటి పక్షం. ఒరియా వాళ్ళకి నెల పౌర్ణమితో అయిపోతుంది. వాళ్ళకి చీకటి పక్షమే ముందు. వెన్నెల రోజుల్లో ఇద్దరూ ఒకే నెల పేరు చెప్తారు, పేచీ లేదు. చీకటి పక్షంలో మాత్రం వాళ్ళు వైశాఖం అన్నది మనకి ఇంకా చైత్రమే. సరిహద్దులో పుట్టి పెరిగిన సిద్ధాంతిగారికి ఇది చెప్పవలసిన సంగతిలా తోచలేదు. కొత్తగా వచ్చిన కోడలికి అడగవలసిన సంగతిలా తోచలేదు. ఆవిడ మన వైశాఖ బహుళానికి లెక్క కట్టింది, సరిగ్గా నెల తర్వాతకి. గురువారం వచ్చింది.

మూడుసార్లు కట్టిందట. మూడుసార్లూ గురువారమే. అప్పుడు వెళ్ళి మావగారిని అడిగి ఉంటే నిమిషంలో తేలిపోయేది. అడగలేదు. వచ్చి ఆరు నెలలైన కోడలు, లెక్కల్లో గట్టిదని మావగారు మురిసిపోతున్న కోడలు, లెక్క కుదరలేదని ఆయన ముందు ఒప్పుకోలేకపోయింది. తాటాకు రాసినవాడు ఎప్పుడో పోయాడు, వాడు వచ్చి ఎదురు చెప్పడు. లేఖక దోషము అని పుస్తకాల భాషలో గొప్పగా రాసి గ్లాసు కింద పెట్టి పంపేసింది. ఆయన జ్వరంలోనే సంతకం చేసి ఇచ్చారు.

ఏడేళ్ళ తర్వాత, ఒక చైత్రమాసంలో, పక్కింటి ఒరియా ఆవిడ ప్రసాదం పట్టుకొచ్చి వైశాఖ స్నానాలు మొదలుపెట్టానంది. వైశాఖానికి ఇంకా పదమూడు పధ్నాలుగు రోజులు ఉందే అంది అత్త. మాకు నిన్ననే వచ్చేసింది అని ఆవిడ నవ్వింది. అత్త ప్రసాదం చేతిలో అలాగే పట్టుకుని లోపలికి పరుగెత్తి, పలక తీసి, చైత్ర బహుళానికి లెక్క కట్టింది. మంగళవారం వచ్చింది.

అప్పటికి సిద్ధాంతిగారు పోయి రెండేళ్ళు. మావయ్యకి చెప్తే ఆయన బెదిరిపోయాడు. తండ్రి జీవితమంతా చేసిన పనిలో జనానికి గుర్తున్నది ఆ ఒక్క జాతకమే. అది తప్పని తేలితే ఆయన పేరు ఏ మొహంతో తలుచుకుంటాం, ఊరుకో, అన్నాడు. అత్త ఊరుకుంది. ముప్పై ఏళ్ళు ఊరుకుంది. ఏటా జయంతికి పిలుపు వచ్చేది, ఏటా ఆరోజు తలనొప్పి అని ముసుగు పెట్టేది. నాతో మాత్రం అది తలనొప్పి కాదు, సిగ్గు అని చెప్పింది. నేను ఎంఏ చదివేటప్పుడు ఆవిడ నాకొక మాట పదేపదే చెప్పేది. "లెక్క కుదరకపోతే రాసినోడి తప్పనకు. ముందు సదివినోడి తప్పు సూడు." ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఆవిడ ముందు రెండే దారులు. చెప్తే మావగారి పేరుకి మచ్చ, చెప్పకపోతే రాతి మీద శాశ్వతంగా తప్పు. నేనొక తెలివైన సలహా ఇచ్చాను. పేరెత్తకుండా, కొత్త పరిశోధనలో తేలింది అని నా వ్యాసంలో రాసేస్తాను, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నాను. అత్త నన్ను ఎగాదిగా చూసింది. ఒకసారి పేరు లేకుండా తప్పు చేశానని, దాన్ని మళ్ళీ పేరు లేకుండా దిద్దనని చెప్పింది. నాకు చాలా సిగ్గేసింది.

రాజాంలో మిల్లు పక్కన కల్యాణ మండపంలో సంఘం సమావేశం. నేను రాను గాక రానన్న మావయ్య, బయలుదేరే రోజు బస్సు దగ్గరికి అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు. పాతికమంది ఉన్నారు, ఆడవాళ్ళం ఇద్దరమే. అత్త సంచిలోంచి రెండు పంచాంగాలు తీసింది, ఆ ఏడాదివే, ఒకటి తెలుగుది, ఒకటి ఒరియాది. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టి, ఒకే రోజుకి ఒకదాంట్లో చైత్రం, ఇంకోదాంట్లో వైశాఖం ఉండడం చూపించింది. తాటాకు ఏ లిపిలో ఉందో గుర్తుచేసింది.

అధ్యక్షుడు మంచివాడే గానీ మాటకి పట్టింపు ఉన్నవాడు. సిద్ధాంతిగారంతటి మనిషి లేఖక దోషమని స్వయంగా రాశాక మనమెవరం కాదనడానికి, అన్నాడు.

"అది రాసింది మావగారు కాదు బాబూ, నాను" అంది అత్త. "ఆరికి కల్లు కనపడేవి కాదు. లెక్క నాను కట్టినాను, తప్పు నాను సేసినాను, ఆ తప్పు పోయినోడి నెత్తిన పెట్టింది కూడా నానే. ఆరు తేల్చిన సమచ్చరం మాత్రం వజ్రం. దాన్ని ఎవులూ కదపనేరు."

మావయ్య తల దించుకుని కండువా అంచు మడతపెడుతున్నాడు. నలభై ఏళ్ళ కష్టంలో ఆవిడ పదిమంది ముందు ఇది నా పని అని చెప్పుకున్న మొదటిసారి అది. చెప్పుకున్నది కూడా తప్పునే. నాకు కళ్ళు నిండిపోయాయి, గర్వంతోనే.

వెనక వరసలోంచి ఒక రిటైర్డు మాస్టారు లేచి, ఒకసారి తప్పిన లెక్క ఇప్పుడు మాత్రం ఎలా నమ్మమంటారని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. అత్తకి నచ్చింది కూడా, మొహంలో తెలిసింది.

"నన్ను నమ్మొద్దు బాబూ. మంగళవారాన్ని నమ్మండి. అది మొదట్నుంచీ ఆకు మీదే ఉన్నాది. నానే దాన్ని కాదన్నాను."

అంతలో ఒకతను ఫోన్లో కొత్త తేదీ పెట్టి చూసి, ఈ లెక్క ప్రకారం దివానుకి రవి మేషంలో ఉచ్చలో ఉన్నాడని ఉత్సాహంగా చెప్పాడు. గాదెలు తెరిపించిన మనిషికి రవి ఉచ్చలో లేకపోతే ఎలా అని పదిమంది తలలూపారు. సభ అటు తిరుగుతోందని నేను సంతోషపడుతుంటే అత్తకి కోపం వచ్చింది. జాతకం బాగుందని తారీకు ఒప్పుకోకండి, తారీకు సరైందైతేనే జాతకం ఒప్పుకోండి, రేపు ఇంకెవరో ఇంతకంటే మంచి జాతకం తెస్తే తారీకు మళ్ళీ మారుస్తారా, అని అందరినీ కూర్చోబెట్టింది. తాటాకు మళ్ళీ చదివించమని, అవతలివైపు పంచాంగకర్తని ఎవరినైనా తన పేరు చెప్పకుండా అడగమని తనే పట్టుబట్టింది. అధ్యక్షుడు అలాగే ఇద్దరిని పంపాడు. నెల తిరక్కుండా వాళ్ళు అదే మంగళవారం పట్టుకుని వచ్చారు.

సమావేశం అయ్యాక బస్సు కోసం నిలబడ్డాం. మావయ్య ఎటో వెళ్ళి తేగల కట్ట కొనుక్కొచ్చి అత్త చేతిలో పెట్టాడు. ఇదంతా చూసి ఉంటే మా నాన్న ఏమనేవాడో అన్నాడు. "ఏటంటారు, మంచినీల్లు తెమ్మంటారు" అంది అత్త, తేగ వొలుస్తూ. మావయ్య పకపకా నవ్వాడు. పొద్దుటి నుంచీ పాలిపోయి ఉన్న ఆయన మొహంలోకి కళ వచ్చినట్టనిపించింది అప్పుడే.

పోయినేడు జయంతి సరైన రోజున జరిగింది. అత్తకి తలనొప్పి రాలేదు. కొత్త చీర కట్టుకుని రెండో వరసలో కూర్చుని, పులిహోరలో ఉప్పు తక్కువైందని రెండుసార్లు చెప్పి, రెండుసార్లూ పెట్టించుకుని తింది. తర్వాత అధ్యక్షుడు స్వయంగా పాతపట్నం వచ్చాడు, రాతి మీద చెక్కించబోయే మాటలు కాగితం మీద రాయించుకుని. అత్త ఆ కాగితాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుంది. చక్రంలో బుధుణ్ణి ఒక గది పక్కకి రాసేశారని పట్టుకుంది. ఆయన వెళ్ళబోతూ కాస్త మొహమాటంగా, గణితం కింద సిద్ధాంతిగారి పేరు ఒక్కటే ఉంచమంటారా, మీ పేరు కూడా రాయమంటారా, అని అడిగాడు. ఆడవాళ్ళు సాధారణంగా ఇలాంటప్పుడు వద్దంటారని ఆయన అనుకున్నట్టున్నాడు.

"రాయండి బాబూ. మావగారిది సమచ్చరం, నాది తిథి. రేపు తప్పని తేలితే ఎవుల్ని అడగాలో తెలవాలి కదా" అంది అత్త.

టెక్కలి నుంచి రాయి రావడం ఆలస్యమైంది. రాయి వచ్చి, చెక్కి, నిలబెట్టేలోగా అత్త గుండె ఆగిపోయింది. ఈ ఏడు జయంతికి రెండు నెలల ముందు పోయింది. చూసి వెళ్ళి ఉంటే బాగుండేదని అందరూ అన్నారు. నాకూ ఉంటుంది ఆ బాధ. కానీ కాగితం మీద ప్రతి గదీ సరిచూసిన మనిషికి రాయి చూడకపోవడం పెద్ద లోటనిపించి ఉండదని నా నమ్మకం.

జయంతి రోజు మావయ్యని తీసుకుని దివాను ఊరు వెళ్ళాను. ఏటిసూతకంలో ఉన్నవాణ్ణి, దండలు వేసే చోటికి రానని ఆయన దూరంగా ఒక ట్రాక్టరు నీడన నిలబడ్డాడు. ఉపన్యాసాలు అయ్యాయి, నాది కూడా అయింది. జనం భోజనాల వైపు వెళ్ళాక ఇద్దరం రాయి దగ్గరికి వెళ్ళాం. నెల పేరు రెండు లెక్కల్లోనూ చెక్కారు, ఒరియా వైశాఖం, తెలుగు చైత్రం. వారం ఒక్కటే, మంగళవారం. అడుగున రెండు వరసలు: సంవత్సరం తేల్చినది ఫలానా, తిథి తేల్చినది ఫలానా.

మా వైపు ఆ తరం మగవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవరు. పిలిస్తే ఆయుష్షు తగ్గుతుందని ఒక భయం, సిగ్గు ఇంకొకటి. ఒసే అనో, ఇదిగో అనో కాపురమంతా నడిచిపోతుంది. మావయ్య చెప్పులు విడిచి రాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు తండ్రి పేరు చూసి చేతులు జోడించాడు. తర్వాత కింది వరస మీద వేలు పెట్టాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని అత్త పేరు పైకి చదివాడు. నేను వెనకే ఉన్నానని గుర్తొచ్చి గభాలున వేలు తీసేశాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. కాసేపటికి మళ్ళీ వినిపించింది ఆ పేరు, ఈసారి తడబడకుండా, పిలిచినట్టు.